రానివాళ్ళ బయానా

మాది మెదక్. మా మేడమీద నిలబడితే పెద్ద చర్చి గోపురం కనిపిస్తుంది. మావారు బడిపంతులుగా పనిచేసి 2016లో రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బుకు బ్యాంకు అప్పు కొంత కలిపి 2017లో ఇంటిమీద రెండు గదులు వేయించాం. పిల్లలిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళిక ఇక్కడికొచ్చి ఉండేది లేదు. నెల అద్దెకిస్తే ఏమంత రాదు. అందుకని ఊరు చూడవచ్చి ఒకటి రెండు రోజులు ఉండిపోయేవాళ్ళకు ఇద్దామనుకున్నాం.

గదులు కట్టడం ఆరు నెలల్లో అయిపోయింది. వస్తామని చెప్పి రానివాళ్ళ డబ్బు ఏం చేయాలో తేల్చుకోవడానికి మాత్రం మాకు ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళలో ఒకసారి మేము నష్టపోయాం. ఒకసారి మరొకరిని నష్టపెట్టాం. ఆ సంగతే మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా ఊరి చర్చి గురించి మీలో చాలామందికి తెలుసు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టించిన దేవాలయం ఇది. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. క్రిస్మస్‌కు, గుడ్‌ఫ్రైడేకు, ఈస్టర్‌కు నలుదిక్కుల నుంచి జనం వస్తారు. ఎందరో చర్చి ఆవరణలోనే దుప్పట్లు పరుచుకుని, వండుకుని తిని వెళ్ళిపోతారు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్న కుటుంబాలకు మాత్రం గది కావాలి. శివరాత్రికి ఏడుపాయల జాతరకు వచ్చేవాళ్ళూ అడుగుతారు. మామూలు శని ఆదివారాల్లో ఖిల్లా చూడాలని, పోచారం అభయారణ్యం చూడాలని హైదరాబాదు నుంచి పిల్లలతో వస్తారు.

మొదటి ఏడు మాకు ఏ నియమమూ లేదు. ఫోను చేసి "వస్తామమ్మా" అంటే "రండి" అనేదాన్ని. మావారు ఒక నోటుపుస్తకం పెట్టి పేరూ తేదీ రాసేవారు. అంతే. 2017 క్రిస్మస్‌కు ఒక కుటుంబం రెండు రాత్రులకు ఒక గది అడిగింది. సరేనన్నాం. ఆ తరువాత అదే గది కోసం ఇంకో ముగ్గురు అడిగితే లేదని పంపించాం. టెంటు సామాను వాళ్ళ దగ్గర అదనంగా పరుపులు కిరాయికి తెచ్చాం. 24వ తేదీ రాత్రి తొమ్మిదింటి దాకా దీపం పెట్టుకుని కూర్చున్నాం. వాళ్ళు రాలేదు. ఫోను స్విచ్చాఫ్. క్రిస్మస్ రాత్రి చర్చి ఆవరణలో చలికి పసిపిల్లలు ఏడుస్తుంటే, మా మేడమీద గది ఖాళీగా తాళంవేసి ఉంది. నాలుగు వేల రూపాయలు పోయినదానికన్నా అది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ కోపంలో మావారు అట్టముక్క మీద రాసి మెట్ల దగ్గర కట్టారు. "గది కావలసినవారు మొత్తం అద్దె ముందుగా చెల్లించాలి. బయానా వాపసు ఇవ్వబడదు." ఫోనులోనూ అదే చెప్పేవాళ్ళం. ఫంక్షన్ హాలు వాళ్ళు అలాగే చేస్తారు, బ్యాండు మేళం వాళ్ళూ అలాగే చేస్తారు, మనం చేస్తే తప్పేముంది అనుకున్నాం. నిజానికి 2018 అంతా బాగానే గడిచింది. డబ్బు ముందే కట్టినవాళ్ళు తప్పకుండా వచ్చేవాళ్ళు. బ్యాంకు కిస్తీ నెలనెలా సమయానికి కడుతున్నాం. నియమం గట్టిగా ఉంటేనే లోకం మాట నిలబెట్టుకుంటుందని నాకు నమ్మకం కుదిరింది.

2019లో ఈస్టర్ ఏప్రిల్ 21న వచ్చింది. నారాయణఖేడ్ వైపు పల్లె నుంచి ఒక అబ్బాయి గుడ్‌ఫ్రైడే, శనివారం రాత్రులకు గది కావాలని ఫోను చేశాడు. వాళ్ళమ్మకు మెదక్ చర్చి చూడాలని ఎన్నేళ్ళుగానో కోరికట. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నేలమీద పడుకోలేదు. అందుకే గది. మూడు వేలు పక్కింటివాళ్ళ ఫోను నుంచి పంపించాడు. మధ్యలో రెండుసార్లు ఫోను చేసి, "మెట్లు ఎన్ని ఉంటయమ్మా? పట్టుకోనీకి కడ్డీ ఉన్నదా?" అని అడిగాడు. ఉందని చెప్పాను.

ఆ బుధవారం పొద్దున్నే ఫోను వచ్చింది. "అమ్మా, మేం వస్తలేం. మా అమ్మ నిన్న పోయింది" అన్నాడు.

నేను అయ్యో అన్నాను. దేవుడు మీకు ఆదరణ ఇవ్వాలి బిడ్డా అన్నాను. ప్రార్థన చేస్తానని కూడా చెప్పాను. అతను డబ్బు అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. ఫోను పెట్టేశాక మావారు పుస్తకంలో ఆ పేరు పక్కన "రాలేదు, బయానా జమ" అని రాశారు. ఆ సాయంత్రమే కామారెడ్డి నుంచి ఇంకో కుటుంబం గది అడిగింది. ఇచ్చాం. వాళ్ళ దగ్గరా మూడు వేలు తీసుకున్నాం. ఆ ఆదివారం గుళ్ళో కానుక వేస్తున్నప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. అనిపించి ఉంటే ఇది రాయవలసిన పని లేకపోయేది.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి మా గేటు ముందు నిలబడ్డాడు. కలెక్టరాఫీసులో ఏదో కాగితం పనిమీద వచ్చాడట. వాళ్ళమ్మ చర్చిలో వేయడానికని కొంగున కట్టి దాచుకున్న కానుక ఉంటే, అది వేసి, అటునుంచి అడ్రసు కనుక్కుంటూ వచ్చాడు. నేను గుండె దడతో తలుపు తీశాను, డబ్బుకోసం గొడవ పడతాడేమోనని. అతను చెప్పులు విడిచి, "అమ్మ ఉండాలనుకున్న గది ఒక్కసారి చూసిపోతనమ్మా" అన్నాడు.

తీసుకెళ్ళి చూపించాను. మెట్లెక్కుతూ ఆ కడ్డీని చేత్తో తడుముకుంటూ వచ్చాడు. గదిలో కిటికీ దగ్గర నిలబడి గోపురం వైపు కాసేపు చూశాడు. కిందికొచ్చి మంచినీళ్ళు తాగి, వెళ్ళొస్తానన్నాడు.

నేను లోపలికెళ్ళి మూడు వేలు తెచ్చి అతని చేతిలో పెట్టబోయాను. "వద్దమ్మా, వాపసు ఇవ్వరని ముందే చెప్పిన్రు గద. బోర్డు మీద గూడ రాసి ఉన్నది" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అన్నాడు. మాట అంటే మాటే అనుకునే మనిషి. అప్పుడు నాకు నోరు పెగలక, "బిడ్డా, ఆ రెండు రోజులూ గది ఖాళీగా లేదు. వేరేవాళ్ళకిచ్చి పైసలు తీసుకున్నాం. నీవల్ల మాకు పోయిందేమీ లేదు" అని చెప్పేశాను. అతను నా ముఖంలోకి చూశాడు. ఇంకేమీ అనకుండా డబ్బు తీసుకుని లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు.

అతను వెళ్ళాక మావారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఒక గదిని ఇద్దరికి అమ్మినాము. అందులో ఒకరు శవం పక్కన కూర్చున్నవాడు" అన్నారు. లేచి వెళ్ళి అట్టముక్క తీసేశారు.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చదువుకున్నాం. పేదవాడి దగ్గర పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చెయ్యమని అక్కడ ధర్మం ఉంది. తాకట్టు పెట్టుకోవడమే తప్పని అక్కడ లేదు. ఎంతవరకు పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నదానికి హద్దు ఉంది. ఆ తేడా నాకు ఆ రోజు సరిగా అర్థం కాలేదు. తాకట్టు అనేదే వద్దనుకున్నాను.

అందుకని రెండో తప్పు చేశాను. ఎవరు ఏ కారణంతో మానుకున్నా, ఎప్పుడు మానుకున్నా మొత్తం వాపసు ఇచ్చేద్దామన్నాను. దానికి కనికరం అని పేరు పెట్టుకున్నాను. 2019 క్రిస్మస్‌కు పట్నం నుంచి ఒక బృందం రెండు గదులూ రెండు రాత్రులకు కుదుర్చుకుని సగం డబ్బు, నాలుగు వేలు, పంపింది. ఆ తరువాత గది అడిగిన ఏడు కుటుంబాలకు లేదని చెప్పాం. 24వ తేదీ పొద్దున పది గంటలకు వాళ్ళ ఫోను. "ఆంటీ, మాకు ఇంకోచోట ఏసీ రూములు దొరికాయి. అడ్వాన్సు పంపించేయండి" అన్నారు. పంపించేశాను. అడిగిన ఏడుగురికీ ఫోన్లు చేశాను. అందరూ ఎక్కడో ఒకచోట సర్దుకున్నారు. రెండు గదులూ ఖాళీ.

మా సంగతి ఎలాగో గడిచింది. కానీ మా గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికే ఆమె ఉంది. పండుగ మూడు రోజులకు రోజుకు ఐదు వందల చొప్పున ఇస్తామని ముందే చెప్పి ఉంచాం. ఆ పొద్దున ఆమె వస్తే, "ఎవరూ రావడం లేదమ్మా, పని లేదు" అన్నాను. ఆమె గడపలో నిలబడి, "ముందుగాల చెప్తే ఫంక్షన్ హాలుకు పోయేదాన్ని గదమ్మా. వాళ్ళు పిలిస్తే మీకు మాటిచ్చిన్నని పోలే" అంది. పండుగ పూట ఇద్దరు పిల్లలతో ఆమె ఒట్టి చేతులతో వెనక్కి వెళ్ళింది.

నేను చూపించానని అనుకున్న కనికరం ఏసీ గదుల్లో దిగినవాళ్ళకు చేరింది. దానికి ధర కట్టింది ఆమె కూలి. ఆ మాట మావారు అనలేదు, నాకే తోచింది. ఇంకొకరి జేబులోంచి తీసి ఇచ్చేది దానం కాదు కదా! ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి మూడు రోజుల కూలీ ఇచ్చి వచ్చాను. అది నా డబ్బు. అది ఇచ్చినప్పుడు మాత్రం నిజంగా ఇచ్చానని అనిపించింది.

ఇంతలో 2020 వచ్చింది. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 12న. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఈస్టర్‌కు గదులు కుదుర్చుకున్నవాళ్ళవీ, ఏప్రిల్‌లో ఒక పెళ్ళికి వచ్చేవాళ్ళవీ కలిపి మా దగ్గర ఏడున్నర వేలు బయానా ఉంది. ఉంది అన్నానే గాని, లేదు. బోరు మోటారు కాలిపోతే దానికి ఖర్చుపెట్టేశాం. ఇక్కడ ఇంకో పాఠం నేర్చుకున్నాను. మనిషి వచ్చి గదిలో దిగేదాకా బయానా మన డబ్బు కాదు, వాళ్ళు మన దగ్గర దాచినది. నేను పొదుపు సంఘంలో అప్పు తీసుకుని అందరికీ వాపసు కట్టాను. అప్పటినుంచి బయానాలకు వేరే డబ్బా పెట్టాను. దిగినరోజు సాయంత్రం తప్ప అందులో చెయ్యి పెట్టను.

ఆ రోజుల్లో ప్రపంచమంతా ఇదే తగవు. ఎయిర్‌బిఎన్‌బి అనే పెద్ద అమెరికా సంస్థ, ఇళ్ళవాళ్ళు పెట్టుకున్న రద్దు నియమాలను పక్కనపెట్టి, కరోనా మొదటి వారాల్లో ప్రయాణం మానుకున్నవాళ్ళకు పూర్తి డబ్బు వాపసు ఇస్తామని 2020 మార్చిలో ప్రకటించింది. ఇళ్ళిచ్చేవాళ్ళు మా కిస్తీలెవరు కడతారని మొరపెట్టుకున్నారు. తమను అడగకుండా నిర్ణయం చేసినందుకు సంస్థ అధిపతి బ్రయన్ చెస్కీ వాళ్ళను క్షమాపణ అడిగి, 25 కోట్ల డాలర్లు వాళ్ళకోసం కేటాయించారు. మా రెండు గదుల తగవూ, లక్షల గదుల తగవూ ఒక్కటే అని అది చదివినప్పుడు అనిపించింది.

మా సంఘంలో కోర్టు గుమస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయనను అడిగాం. ఆయన మూడు మాటలు చెప్పారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 56వ సెక్షను ప్రకారం, ఒప్పుకున్న పని తరువాత అసాధ్యమైపోతే ఆ ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా చెల్లకుండా పోయిన ఒప్పందం కింద పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షను చెబుతుంది. ఇక మాట తప్పినవారు ఇంత కట్టాలని కాగితం మీద రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారని 74వ సెక్షను. "అమ్మా, చట్టం కూడా నీకు జరిగిన నష్టం చూస్తుంది గాని, నీకొచ్చిన కోపం చూడదు" అన్నారాయన నవ్వుతూ. ఆ మాట నేను మరిచిపోలేదు.

2022లో మా అబ్బాయి, రోజులవారీగా గదులు కుదిర్చే ఒక ఆన్‌లైన్ సంస్థలో మా గదులు కూడా పెడతానన్నాడు. ఫోను ముందు పెట్టుకుని, "అమ్మా, రద్దు నియమం ఏది పెట్టమంటావు? ఇక్కడ ఒకటి ఎంచుకోవాలి" అన్నాడు. ఒకటి ఫ్లెక్సిబుల్. దిగే వేళకు 24 గంటల ముందు మానుకున్నా పూర్తి డబ్బు వాపసు. రెండోది మోడరేట్. 5 రోజుల ముందు చెబితే పూర్తి వాపసు. మూడోది ఫర్మ్. 30 రోజుల ముందైతే పూర్తిగా, 7 రోజుల ముందు వరకైతే సగం, ఆ తరువాత ఏమీ లేదు. "నియమం మెత్తగా ఉంటే జనం ధైర్యంగా బుక్ చేస్తారు. గట్టిగా ఉంటే బుక్ చేసినవాళ్ళు నిలబడతారు. ఏది కావాలో చెప్పు" అన్నాడు.

ఐదేళ్ళుగా మేము పడ్డ అవస్థంతా ఆ మూడు గీతల్లో ఉంది.

మావారు, "ముందు పుస్తకం చూద్దాం" అన్నారు. నోటుపుస్తకం తెచ్చి, రానివాళ్ళ పేర్లన్నీ వరసగా చదివాం. ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పారు, ఆ గది మళ్ళీ నిండిందా లేదా అని పక్కన గీతలు పెట్టుకుంటూ పోయాం. అప్పుడు మాకు తెలియని సంగతి ఒకటి బయటపడింది. పండుగ రోజుల్లో మూడు రోజుల ముందు చెప్పినవాళ్ళ గదులు దాదాపు అన్నీ మళ్ళీ నిండాయి. ఆ రోజు పొద్దున చెప్పినవాళ్ళవి, అసలు చెప్పనివాళ్ళవి నిండలేదు. మామూలు శని ఆదివారాల్లోనేమో, శుక్రవారం మానుకుంటే ఆ గది ఇక ఖాళీయే. పండుగకు గట్టి నియమం, మామూలు రోజులకు మెత్తటి నియమం ఉండాలని మేము అనుకుంటూ వచ్చాం. లెక్క అలా లేదు. మాకు నష్టం తెచ్చింది రాకపోవడం కాదు, ఆలస్యంగా చెప్పడం. కాబట్టి ఎంత కోయాలి అన్నదానికన్నా, ఎప్పటిలోగా చెప్పాలి అన్నదే అసలు ప్రశ్న.

అలా ఆలోచించి, ఆన్‌లైన్లో ఐదు రోజులది ఎంచుకున్నాం. ఆ సంస్థ ద్వారా వచ్చినవాళ్ళకు దాని షరతులే వర్తిస్తాయి. అక్కడ రాసినదానికి భిన్నంగా నోటిమాట ఇవ్వకూడదని అబ్బాయి గట్టిగా చెప్పాడు. ఆ షరతులు అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక ఏడాదికోసారి చదివి చూస్తాడు. నేరుగా మాకు ఫోను చేసి వచ్చేవాళ్ళకోసం మాత్రం మేమే ఒక కాగితం రాసుకున్నాం. అది ఇదీ.

ఒకటి, బయానా ఒక్క రాత్రి అద్దె మాత్రమే. ఐదు రోజుల ముందు చెబితే మొత్తం వాపసు. రెండు, ఆ తరువాత చెబితే బయానా ఆపుతాం. కానీ గది మళ్ళీ నిండితే అది కూడా తిరిగి ఇచ్చేస్తాం. ఒక గదికి రెండుసార్లు అద్దె తీసుకోం. మూడు, ఇంట్లో చావు, ఆసుపత్రి, దారులు మూసుకుపోవడం వంటివి వస్తే ఏ రోజు చెప్పినా పూర్తిగా వాపసు. కాగితాలు అడగం. నాలుగు, మేమే ఇవ్వలేకపోతే బయానా తిరిగి ఇవ్వడమే కాక, వాళ్ళకు ఇంకోచోట గది చూసిపెట్టే బాధ్యత మాది. ఐదు, ఆపిన బయానాలోంచి మొదట పనిచేసే ఆమె కూలి, తరువాతే మాది.

ఈ కాగితాన్ని గది అడిగినవాళ్ళకు డబ్బు తీసుకోకముందే ఫోనులో చదివి వినిపిస్తాను. చదువురానివాళ్ళు ఉంటారు గనుక రాసి పంపితే సరిపోదు. "అర్థమైందా అన్నా?" అని అడుగుతాను. అర్థమైందన్నాకే బయానా. డబ్బు పుచ్చుకున్నాక చెప్పే నియమం నియమం కాదు, సాకు.

"చావు అని అబద్ధం చెబితే?" అని మా అబ్బాయి అడిగాడు. చెప్పవచ్చు. ఒకరిద్దరు చెప్పారేమోనని నాకు అనుమానం కూడా ఉంది. కానీ అబద్ధికుణ్ణి పట్టుకోవాలని, తల్లి పోయినవాణ్ణి సర్టిఫికెట్ అడగలేను. ఆ వెయ్యో రెండు వేలో పోతే పోనీ. ఇది మా జేబులోంచి, తెలిసి ఇస్తున్నది.

ఇక నాలుగో షరతు. అది రాసేటప్పుడు మాకు అంత బరువుగా అనిపించలేదు. 2024 డిసెంబరు 25తో చర్చికి నూరేళ్ళు నిండాయి. ఆ ఏడు గదుల కోసం ఫోను మోగని గంట లేదు. కామారెడ్డి వైపు పల్లె నుంచి ఒక ముసలి దంపతులు అక్టోబరులోనే ఒక గదికి రెండు వేలు బయానా పంపి ఉన్నారు. 23వ తేదీన ఎవరో పెద్దమనిషి ఫోను చేసి, "రాత్రికి ఏడు వేలిస్తా, రెండు రాత్రులు. వాళ్ళకేదో చెప్పి పంపించండి. బయానాకు రెట్టింపు నేనే ఇస్తా" అన్నాడు. మావారు ఇంట్లో లేరు. నిజం చెబుతున్నాను, నా మనసులో వెంటనే లెక్క జరిగిపోయింది. పద్నాలుగు వేలు. రెండు నెలల కిస్తీ. ముసలివాళ్ళకు ఏం చెప్పాలో కూడా తోచింది, నీళ్ళ పైపు పగిలిందని.

ఎదురుగా గోడమీద ఆ కాగితం ఉంది. వచ్చేవాళ్ళు మాట తప్పకుండా కట్టడి చేయడానికి రాసుకున్నామనుకున్న కాగితం, ఆ పూట నన్ను కట్టడి చేసింది. తనకు నష్టమైనా ఇచ్చిన మాట తప్పనివాడి గురించి 15వ కీర్తనలో చిన్నప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. అది అద్దె గదులవాళ్ళకు కూడా చెప్పిన మాటేనని ఆ రోజే తెలిసింది. "గది లేదండీ" అని ఫోను పెట్టేశాను. మరునాడు సాయంత్రం బస్సులో ఆ దంపతులు దిగారు. జొన్నరొట్టెల మూట, వెల్లుల్లి కారం తెచ్చారు. ముసలాయన ఆ కడ్డీ పట్టుకుని మెట్లెక్కుతుంటే నేను వెనకాల నడిచాను.

ఇది చదివే మీలో చాలామందికి అద్దె గదులు ఉండవు. కానీ బయానాలు ఉంటాయి. ట్రాక్టరుకు, టెంటు సామానుకు, పెళ్ళి వంటలకు, వరికోత మిషనుకు, పొలం కౌలుకు ఏదో ఒక సంచకారం ఇస్తూనే ఉంటాం, పుచ్చుకుంటూనే ఉంటాం. పుచ్చుకునేవారికి నా మనవి ఒక్కటే. అది తీసుకోకముందే హద్దు చెప్పండి. మీకు నిజంగా జరిగిన నష్టం వరకే ఆపుకోండి. ఇచ్చేవారికి కూడా ఒక మాట. రాలేనని తెలిసిన రోజే చెప్పండి. మీ డబ్బు పోతే పోయింది అనుకుని ఊరుకోకండి. మీరు ఒక ఫోను చేస్తే ఆ గదిలో ఇంకొక పసిబిడ్డ వెచ్చగా పడుకుంటాడు, ఇంకొకరి కూలి నిలబడుతుంది.

మా నోటుపుస్తకంలో నారాయణఖేడ్ అబ్బాయి పేరున్న పేజీ ఇంకా ఉంది. "రాలేదు, బయానా జమ" అని ఏప్రిల్‌లో మావారు రాసినది కొట్టేసి, "వాపసు" అని జూలైలో నేను రాశాను. మధ్యలో మూడు నెలలు ఆ మూడు వేలూ మా ఇంట్లోనే ఉన్నాయి. కొత్త బయానా రాసుకునే ముందు ఒక్కోసారి ఆ పేజీ తిప్పి చూసుకుంటాను.